చెంప మీద వదిలిన మురికి

కిందటి వారం హేమను రాయచూరు ల్యాబులో, కంప్యూటరు ముందు, చల్లారిపోతున్న కాఫీతో వదిలేసి వచ్చాం. ఆ కాఫీ ఆమె తాగనే లేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ఒకరు రాసి పంపిన రెండు ప్రశ్నలు ఆమె గొంతుకు అడ్డం పడ్డాయి.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి. హేమ తీన్ కందిల్ కూడలి దగ్గర బట్టల కొట్టువాళ్ళ అమ్మాయి. పాత రంగుల బొమ్మలు పాడైపోకుండా కాపాడే విద్య చదువుకుంది. ఆ విద్య నేర్పిన గురువు వాదిరాజ్ గారు, ఇప్పుడు ఆ ల్యాబుకు పెద్ద. ఆయన ఒక జిగురు మందు తయారుచేశారు. శక్తినగర్ అవతల, కృష్ణ ఒడ్డున, కోనమడుగు అనే చిన్న ఊళ్ళో ఏడుగురక్కల గుడి ఉంది. దాని గోడ మీద అమ్మవార్ల బొమ్మలు రంగు పొడిపొడిగా రాలిపోతుంటే ఆ మందు పూశారు. రంగు నిలబడింది. నిలబడిందని హేమ ఒక పరిశోధన పేపరు రాసి, పేరున్న పత్రికకు పంపింది.

పేరున్న పత్రికలు వచ్చిన పేపరును వచ్చినట్టు అచ్చు వేయవు. అదే విద్య తెలిసిన ఇంకొకరికి, ఎవరికిచ్చామో రాసినవాళ్ళకు చెప్పకుండా, చదవమని ఇస్తాయి. ఆ మనిషిని రివ్యూయర్ అంటారు. తప్పులెంచడమే ఆయన పని. ఆయన అడిగినవాటికి సరైన జవాబు వస్తేనే అచ్చు, లేకపోతే లేదు.

ఒక పేపరు అచ్చయితే ఎంత, కాకపోతే ఎంత అని మీరు అనవచ్చు. అక్కడే ఉంది చిక్కు. లింగసుగూరు దాటాక ఒక పాత మఠం ఉంది. దాని గోడ పొడుగునా శివుడి పెళ్ళి ఊరేగింపు. నంది వెంట భూతాలు, భూతాల వెంట ఆడపెళ్ళివాళ్ళు, వాళ్ళ వెంట పల్లకీలు. అలాంటి గోడ ఈ జిల్లాలో ఇంకొకటి లేదు. దానికీ ఇదే మందు పూయాలని వాదిరాజ్ గారి పట్టుదల. మఠం కమిటీ పెద్ద శరణబసవ గారు బేరాలకు లొంగే మనిషి కాదు. "మీ శిష్యులు బాగుందంటే సాలదు సారూ," అన్నారు. "కాకి పిల్ల కాకికి ముద్దు. మిమ్ముల సూసి మొహమాటపడనోళ్ళు ఎవరన్న సదివి సరే అనాల. అన్నరంటే గోడ మీది." గోడ ఎక్కడానికి పరంజా అప్పుడే కట్టేశారు. పేపరుకు సరే అన్న కబురు ఒక్కటి వస్తే చాలు, తెల్లారి కుంచెలు తీస్తారు.

ఇక ఆ రెండు ప్రశ్నలు.

మందు పనిచేసిందని చూపించాలంటే మందు పూయని చోటు పక్కనే ఒకటి ఉండాలి కదా. అందుకని పెద్దక్క చెంప మీద అరచేయంత గడిని తుడవకుండా, పూయకుండా, మురికి మురికిగానే వదిలేశారు. రెండేళ్ళు గడిచాక ఫొటో తీస్తే గడిలో రంగు సగం పోయింది. చుట్టూ మందు పూసిన చోట కొత్త పెళ్ళికూతురిలా నిగనిగలాడుతోంది. పేపరు బలమంతా ఆ గడే. రివ్యూయర్ సరిగ్గా దాని మీదే వేలు పెట్టాడు. "రంగు దానంతట అది రాలితే మచ్చలు మచ్చలుగా పోతుంది. ఇక్కడ గుండ్రంగా, ఒకే వాటంగా పోయింది. గడి కింది అంచు మెరుస్తోంది. దీన్ని ఎవరైనా రుద్దుతున్నారా? ఊళ్ళో అడిగారా?" అది మొదటిది. రెండోది ఇంకా పొట్టిది. "మీ కొలతలన్నీ ఎండాకాలానివి. వానల తర్వాత గోడ లోపల ఎలా ఉంది? తట్టి చూశారా?"

వాదిరాజ్ గారు ఆ ప్రశ్నలు చదివి నవ్వారు. "కెమెరా వెలుతురు తేడా అని రాసెయ్. గోడ బాగనే ఉందని రాసెయ్. సాయంత్రానికి పంపాల, గడువు ఇయ్యాల్టితోని అయిపోతది," అన్నారు. జవాబు ఆయనే రాసి ఆమె ఫోనుకు పంపారు కూడా. పంపించే మీట నొక్కడం ఒక్కటే ఆమె వంతు. పేపరు మీద ఆమె పేరు ముందుంది, పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఆమె పేరు మీదే. అంత ప్రేమగా ఆయనే పెట్టించారు ఆ పేరు.

హేమ మీట నొక్కలేదు. బస్సెక్కింది.

ఇదీ జరిగిన కథ. ఇక జరగబోయేది చూడండి.

శక్తినగర్ కరెంటు ప్లాంటు చిమ్నీలు ఎంత దూరం పోయినా వెనకాలే వస్తున్నట్టుంటాయి. ఆషాఢం మబ్బు కిందికి దిగి, వాటి పొగా మబ్బూ ఏది ఏదో తెలియకుండా కలిసిపోయాయి. కృష్ణ వంతెన ముందే బస్సు దిగి ఆటో పట్టుకుంది హేమ. దారి పొడుగునా తనకు తానే ధైర్యం చెప్పుకుంది. ఏమీ ఉండదు, ఒకసారి చూసి వద్దాం, కళ్ళతో చూసి రాస్తే రాత గట్టిగా ఉంటుంది. ఇలా చెప్పుకునేవాళ్ళకు లోపల అప్పటికే ఏదో తెలిసిపోయి ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆమెకు భయంగా ఉంది. రెండేళ్ళలో ఒక్కసారైనా వానల్లో ఇక్కడికి రాలేదు. ఏటి ఒడ్డు బాట బురద, బండి పోదు అని సారు అంటే అవునేమో అనుకుంది. ఇప్పుడు ఆటో ఆ బాట మీద నిక్షేపంగా పోతోంది.

గుడి చిన్నది. రాతి గోడలు, వాటి మీద మందంగా సున్నపు గార, గార మీద బొమ్మలు. దీపం పెట్టే హనుమమ్మ గడప దగ్గర కూర్చుని వత్తులు చేసుకుంటోంది. హేమను చూడగానే ముఖం విప్పారింది.

"అయ్యో హేమమ్మా! ఎన్నాళ్ళకు బిడ్డా! సెప్పకుంట వచ్చినవు, ఇంట్ల రొట్టెలన్న సేయకపోతినే!"

"రొట్టెలకు రాలేదవ్వా. ఒక మాట అడుగుత, నువ్వు కోపం చేస్కోవద్దు," అంది హేమ, చెప్పులు వదులుతూ. "పెద్దక్క చెంప మీద మురికి గడి ఒకటి వదిలిపెట్టినం గదా. దాన్ని ఎవరన్న ముట్టిన్రా?"

"ముట్టక?" హనుమమ్మ ఆశ్చర్యంగా చూసింది. "ఊరి ఆడోళ్ళందరం ముడుతం. అమాస అమాసకు."

"ముట్టొద్దని చెప్పిన గదవ్వా నేను?"

"హౌదు, సెప్పినవు. మందు పూసిన కాడ ముట్టొద్దన్నవు. సదువుకున్న పిల్ల సెప్పిందని ఇన్నం. ఇగో, ఈ రెండేండ్లల గోడ మీద ఇంకోకాడ ఎవల సెయ్యన్న పడ్డదేమో అడుగు. నా కొడుకు యంకప్ప ఎదురుంగనే సెప్తున్న అనుకో, అబద్ధమాడితే అక్క సూస్తది." హనుమమ్మ కొంగు సర్దుకుని లోపలికి దారి తీసింది. "కాని బిడ్డా, గింత జాగ మాత్రం పూయకుంట ఇడిసిపెట్టిన్రు. ఎందుకు ఇడిసినట్టు? మా కోసమే గదా! గోడంత మీరు తీస్కొని, పూజకు మా పాలు మాకు ఇడిసిన్రని ఊరంత సంబరపడ్డది. నువ్వు మంచిదానివని అప్పుడే అన్న నేను."

ముట్టకూడనిదేదో అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఆ గడి గురించే. హేమ చెప్పింది మాత్రం మందు పూసిన గోడ గురించి. ఊళ్ళోవాళ్ళు ఆమె మాటను అక్షరాలా పాటించారు. అమ్మవారి చెంప మీద మురికి వదిలేసి పోతే ఏ ఆడది చూస్తూ ఊరుకుంటుంది? మన పిల్ల ముక్కు కారుతుంటే తుడవమూ?

"ఎట్ల రుద్దుతరవ్వా?" అంది చివరికి.

"కుసుమ నూనెల పసుపు కలిపి, బొటనేలు తోటి గుండ్రంగ. బిడ్డకు నలుగు పెట్టినట్టు. ఆయెన్క కొంగు తోటి కిందికి తుడుస్తం." హనుమమ్మ గాలిలో చేసి చూపించింది. బొటనవేలు గుండ్రంగా తిరిగింది, చెయ్యి కిందికి జారింది.

గుండ్రంగా, ఒకే వాటంగా. కింది అంచు మెరుస్తోంది.

ఎక్కడో ఏ దేశంలోనో కూర్చుని, ఒక్క ఫొటో చూసి, ఈ ఆడవాళ్ళ బొటనవేలిని కనిపెట్టాడు ఆ మనిషి. మగో ఆడో కూడా తెలియదు. హేమకు ఆ మనిషి మీద రెండు రోజులుగా ఉన్న కోపం ఒక్కసారిగా పోయి, ఆ స్థానంలో సిగ్గు వచ్చి కూర్చుంది. గడిలో రంగు పోయింది మందు లేకపోవడం వల్ల కాదు, చేతుల వల్ల. అయితే మందు పనిచేసిందనడానికి రుజువు ఏది? ఏమీ లేదు. పేపరు మొత్తం ఒక అరచేయంత అబద్ధం మీద నిలబడి ఉంది. తెలియక చెప్పిన అబద్ధమే కావచ్చు, అచ్చయితే తెలిసినవాళ్ళు కూడా నమ్ముతారు.

"తప్పాయెనా బిడ్డా?" హనుమమ్మ గొంతు చిన్నబోయింది.

"తప్పు నీది కాదవ్వా. నేను సరిగ చెప్పలే. చెప్పినంక సరిగ అడగలే."

"పోనీ తీ. జరా నీళ్ళు తాగు, మొహం తెల్లగైంది," అంటూ హనుమమ్మ చెంబు అందించింది. ఆ తర్వాత, వత్తుల పళ్ళెం దగ్గరికి జరుగుతూ, ఏమీ కానట్టు అన్న మాట ఇది: "సారు గూడ గట్లనే తెల్లగ అయ్యిండు, పాపం."

"ఏ సారు?"

"మీ సారే. పోయినేడు పెద్ద వానలప్పుడు రాలే? కారు ఆడనే ఇడిసి, ప్యాంటు మడిసి, బురదల నడుసుకుంట వచ్చిండు. ఈ గోడకు సెవి పెట్టి ఏళ్ళ తోటి టకటక కొట్టుకుంట శానసేపు నిలవడ్డడు. ఏంది సారూ అంటే పలుకలే. పోతా పోతా, హేమకు సెప్పకు, పిల్ల పరేషాన్ అయితది అన్నడు." హనుమమ్మ నాలుక కరుచుకుంది. "అయ్యో, సెప్పనే సెప్పిన."

గోడకు చెవి పెట్టి వేళ్ళతో ఎందుకు కొడతారో హేమకు ఒకరు చెప్పనక్కర్లేదు. గార రాతిని గట్టిగా పట్టుకుని ఉంటే ఒక మోత, వదిలేస్తే ఒక మోత. ఆ తేడా వినడం చెయ్యి పట్టుకుని నేర్పింది ఆ సారే.

చెంబు కింద పెట్టి గోడ దగ్గరికి వెళ్ళింది. ముందు పైన, పెద్దక్క కిరీటం దగ్గర, వేలి కణుపుతో మెల్లగా తట్టింది. టక్ టక్. గట్టి మోత. హమ్మయ్య అనుకుంది. మెడ దగ్గర టక్ టక్. భుజం దగ్గర కూడా బాగానే ఉంది. నడుము దగ్గరికి వచ్చేసరికి మోత మారింది. డబ్ డబ్. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు. పక్కన రెండో అక్క నడుము దగ్గరా అంతే. మూడో అక్కకు రొమ్ముల దాకా పాకింది. నడిమక్క దగ్గరికి పోయి చెవి ఆనించింది. తట్టకుండానే లోపల సన్నగా ఇసుక జారుతున్న చప్పుడు.

పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. కృష్ణ ఒడ్డు గోడ ఇది. ఏటి తడి అడుగునుంచి పైకి ఎక్కుతుంది. మునుపు ఆ తడి గోడ ముఖం మీదనుంచి ఆరిపోయేది. వీళ్ళ మందు ముఖాన్ని మూసేసింది. పోయే దారి లేక తడి లోపలే నిలిచింది, దానిలోని ఉప్పు గార వెనకాల పేరుకుంది, పేరుకుని గారను రాతినుంచి ముందుకు తోసింది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది, ఫొటోలకు బాగుండేలా. నడిమక్క నడుము దగ్గర గార పొంగిన పూరీలా ఉబ్బి ఉంది.

మూడు సార్లు వచ్చింది హేమ, మూడు సార్లూ ఎండల్లోనే. ఫొటోలు తీసింది, రంగు కొలిచింది. ఒక్కసారి చేత్తో తట్టలేదు. తట్టమని అడగడానికి ఊరూ పేరూ లేని మనిషి కావలసి వచ్చాడు.

ఎంత ఉబ్బిందో చూద్దామని అరచెయ్యి మెత్తగా ఆనించింది. ఆనించి ఉండకూడదు. పైన, నడిమక్క మెడ కింద, వెంట్రుక వంటి పగులు ఒకటి నోరు తెరిచింది. అందులోనుంచి ఇసుక ధారగా జారింది. గార పెళ్ళ మొత్తం, అమ్మవారి మెడనుంచి పాదాల దాకా, ఒక్క జరుగు ముందుకు జరిగింది. హేమ రెండు చేతులూ చాపి అదిమి పట్టింది.

"అవ్వా! రా, కాదు, రాకు! బొంతలు, పాత చీరలు, ఒక చెక్క పలక పట్రా. యంకప్పను పిల్చుకురా. జల్ది!"

"మా యంకప్ప మడి కాడ ఉన్నడు బిడ్డా."

"ఏడున్నా పిలువు! చేతులు తీస్తే అక్క కింద పడ్తది!"

హనుమమ్మ ఆ వయసులో ఎలా పరుగెత్తిందో ఆ అక్కలకే తెలియాలి. వత్తుల పళ్ళెం దొర్లి చప్పుడు చేసుకుంటూ గడప దాకా పోయింది. తర్వాత గుళ్ళో హేమా, ఏడుగురక్కలూ మిగిలారు.

హేమ భుజం సంచి తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది. అందులో ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. ఎవరో ఆమెకు తెలుసు. మణికట్ల మీద ఇసుక సన్నగా పడుతోంది. యంకప్ప మడి ఎంత దూరమో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది, గుర్తు రాలేదు. చేతులు అప్పుడే నొప్పి పెడుతున్నాయి.

బయట కారు ఆగిన చప్పుడయింది.

ఆ చప్పుడు వినగానే ఆమెకు కలిగింది సంతోషమే. ఆ మాట దాచడం ఎందుకు? ఎన్నో ఏళ్ళ అలవాటు. ఎక్కడ బొమ్మ పెచ్చు లేచినా సార్ అని పిలిచిన నోరు. ఇప్పుడూ పిలిచింది.

"సార్! ఇటు రండి, జల్ది చెయ్యి పెట్టండి, గార ఊడొస్తున్నది! అవ్వ యంకప్పను పిలువ పోయింది!"

వాదిరాజ్ గారు తొందరపడలేదు. చెప్పులు వదిలారు. గడపకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకున్నారు. అక్కలకు దండం పెట్టారు. అప్పుడు హేమ పక్కకు వచ్చి, ఆమె చేతులకు కొంచెం పైన, గోడకు చెవి ఆనించారు.

"మెడ దాక వచ్చింది," అన్నారు, జ్వరం చూసి చెప్పే డాక్టరులా. "పోయినేడు మోకాళ్ళ కాడ ఉండె."

హేమ తల తిప్పి ఆయన్ను చూసింది. కాదంటారేమో, ఏదో ఒక మాట చెప్పి సర్దుతారేమో అని ఇంకా లోపల ఎక్కడో ఆశ ఉండింది. అది పోయింది.

"మీకు ముందే తెలుసు."

"తెలుసు."

"తెలిసి నాతోని పేపర్ రాయించిన్రు."

"నువ్వు చూసింది నువ్వు రాసినవు బిడ్డా. చూడనిది రాయలే. అబద్ధం ఏడుంది అందుల?" ఆయన గొంతులో కోపం లేదు. పాఠం చెప్పేటప్పటి గొంతే అది. "అందుకనే నీ చేత రాయించిన. నేను రాస్తే అబద్ధమయ్యేది."

ఆ మాటకు హేమకు చేతుల నొప్పి కూడా మరిచిపోయినట్టయింది. పేరు ముందు పెట్టింది ప్రేమతో అనుకుంది ఇన్నాళ్ళూ. తనకు తెలియదు కాబట్టి పెట్టారు.

"మఠం గోడ గూడ గిట్లనే అయితది సార్."

"కాదు. మందు పాళ్ళు మార్చిన. ఇక్కడ జరిగిన తప్పు అక్కడ జరుగది."

"మార్చినంక ఎవరు చూసిన్రు?"

"నేను చూసిన."

"మీరు గాక?"

ఆయన గోడనుంచి చెవి తీసి, జేబు రుమాలుతో చెవికంటిన సున్నం తుడుచుకున్నారు.

"ఇంకెవరికన్న చూపెట్టిన్రా సార్? ఒక్కరికన్న?"

"చూపెట్టాల్నా?" ఈసారి గొంతు లేచింది. "ఈ జిల్లాల ఏ గుడి గోడ వెనక ఏ రాయి ఉందో నాకెరుక. జిందగీ అంత ఈ గోడల కాడనే పోయింది. ఎవడో కుర్చీల కూసోని, ఫొటో చూసి, నన్ను ప్రశ్న అడుగుతడు! ఆ మనిషి కోనమడుగు చూసిండా? కృష్ణ ఏ దిక్కు పారుతదో ఎరుకనా ఆయనకు?"

"ఎరుక లేదు సార్. అయినా పట్టుకున్నడు. మీకు తెలిసి చెప్పలే, నాకు తెలుసుకోవాల్నని తోచలే. ఆయనకు మీరంటే భయం లేదు, నేనంటే ప్రేమ లేదు. అందుకే అడిగిండు." హేమ ఆగలేదు. "శరణబసవ గారు అడిగింది గదే గదా. మన మొహం చూసి మొహమాటపడని మనిషి. ఆ మనిషి అడిగిండు. ఇగ నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాల."

"చెప్తే?"

"పేపర్ పోతది. మఠం గోడ మిగులుతది."

వాదిరాజ్ గారు ఆమెను చూశారు. ఆ చూపులో జాలి ఉంది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఆయన వెనక్కి తిరిగి తలుపు దగ్గరికి నడిచారు. వెళ్ళిపోతున్నారు అనుకుంది హేమ. ఆయన మేకుకున్న సంచి తీశారు. లోపల చెయ్యి పెట్టి ఫోను తీసి, సంచిని మళ్ళీ జాగ్రత్తగా అదే మేకుకు తగిలించారు.

"సార్, అది నాది."

"నీదే. ఎవరు కాదన్నరు? జవాబు నేను రాసిచ్చింది ఇందుల ఉంది. పత్రికవాళ్ళ తలుపు నీ పేరు మీదనే తెరుచుకుంటది. నా పేరు మీద తెరుచుకుంటే నిన్ను ఎందుకు తిప్పలు పెడత?" ఫోను తెర మీది సున్నపు దుమ్మును బొటనవేలితో తుడిచారు. "సరే అను. నేను ఆ దిక్కు పట్టుకుంట, నువ్వు ఈ దిక్కు పట్టుకో. యంకప్ప వచ్చేదాంక అక్కను ఇద్దరం నిలబెడదం. సరే అంటవా?"

"అనను."

"ఒక గోడ పోతది బిడ్డా."

"అక్కడ ఇంకా పెద్దది పోతది. అనను సార్."

"మొండిదానివి. మొదటి రోజే అనుకున్న," అన్నారాయన, దాదాపు ముద్దుగా. రెండడుగులు వేసి ఆమెకూ గోడకూ మధ్య ఫోను పట్టుకున్నారు, సరిగ్గా ఆమె ముఖానికి ఎదురుగా.

ఆమె ఫోను ఆమె ముఖం చూస్తే తెరుచుకుంటుంది. కళ్ళు తెరిచి ఉండాలి, అంతే. అంకెలు అక్కర్లేదు, వేలు అక్కర్లేదు.

హేమ గట్టిగా కళ్ళు మూసుకుంది.

చీకటైంది. చీకటిలో గోడ బరువు ఇంకా పెరిగినట్టు తోచింది. చేతులు తీసి ఫోను లాక్కోవచ్చు. తీస్తే అమ్మవారు నేల మీద ముక్కలై పడుతుంది. ఊరి ఆడవాళ్ళు ఇన్నాళ్ళూ తమ పాలుగా చూసుకున్న గుడి ఇది. వాళ్ళకేమని చెబుతుంది? చేతులు తీయకుండా, కళ్ళు తెరవకుండా, యంకప్ప వచ్చేదాకా నిలబడగలదా? ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే కళ్ళు తెరుచుకుంటాయేమోనని అది కూడా మింగింది.

"కళ్ళు తెరువు హేమా," వాదిరాజ్ గారి గొంతు చెవి పక్కనే, మెత్తగా వినిపించింది. "పైన పగులు పెద్దగైతున్నది. నీకు కనవడ్తలేదు. జరా కుడి చెయ్యి పైకి జరపాల. చూడకుంట ఎట్ల జరుపుతవు?"

ఇన్నేళ్ళలో ఆ గొంతు గోడ గురించి ఆమెకు ఒక్క తప్పు మాట చెప్పలేదు. ఇవ్వాళ దాకా. ఇప్పుడు చెప్పింది నిజమో కాదో చేతులతో వినాలని ప్రయత్నించింది. రెండు చేతులూ మొద్దుబారి ఉన్నాయి. ఎంత ఆనించినా వాటికి ఏమీ తెలియడం లేదు. ఊళ్ళోనుంచి ఏ అలికిడీ లేదు.

"హేమా. పడుతున్నది."

అప్పుడు ఆమె ఎడమ భుజం మీద ఏదో బరువుగా వచ్చి పడింది. అది గార పెళ్ళో, సారు చెయ్యో ఆమెకు తెలియలేదు.